ఘంటసాలకి రెండు స్పీకర్లెందుకు?

బందరులో మా ఇంటి వెనక గది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. పాతకాలపు ఇల్లు కాబట్టి కప్పు ఎత్తు కూడా దాదాపు పదడుగులే. పగలు అది నా ఆఫీసు, రాత్రి పాటలు వినే గది. లక్షన్నర పెట్టి ఈ గదికి ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొంటానంటే నాన్న ఒక్కటే అడిగారు: "నువ్వు వినేదంతా ఘంటసాలేగా. ఆ పాటలు రేడియోలో ఒక్క స్పీకర్లోంచే వచ్చేవి. రెండెందుకురా?"

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఆర్నెల్లు స్పీకర్ల చుట్టూ తిరిగాక తెలిసింది, ఈ విషయంలో నేను విన్న అసలైన విమర్శ ప్రశ్న అదొక్కటేనని.

'మాయాబజార్' (1957), 'జయభేరి' (1959) నాటి పాటలన్నీ మోనో. కుడి ఎడమలు లేవు. రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకే శబ్దం. రెండూ అచ్చంగా ఒకేలా పనిచేస్తే గొంతు వాటి మధ్య ఖాళీలో, మనిషి నిలబడ్డట్టు నిలబడాలి. ఏ తేడా ఉన్నా గొంతు పక్కలకి చెదిరిపోతుంది. స్పీకర్ల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసిన ఫ్లాయిడ్ టూల్ చెప్పింది కూడా ఇలాంటిదే: స్టీరియోలో కన్నా మోనోలో విన్నప్పుడే శ్రోతలు స్పీకర్ల లోపాల్ని తేలిగ్గా పట్టుకుంటారు. స్టీరియో విశాలత్వం కొన్ని తప్పుల్ని కప్పేస్తుంది. మోనోకి దాక్కునే చోటు లేదు. పాత రికార్డింగు పేదరికం అనుకున్నదే స్పీకరుకి గట్టి పరీక్ష.

కానీ షోరూముల్లో ఈ పరీక్ష ఎవరూ పెట్టరు. అక్కడ వినిపించేవి శుభ్రంగా రికార్డు చేసిన పాటలు: ఒక ఆడగొంతు, ఒక గిటారు, చుట్టూ బోలెడంత నిశ్శబ్దం. వాటిమీద ఏ స్పీకరైనా అందంగానే ఉంటుంది. రివ్యూలు చదివితే 'గాలి ఆడుతోంది', 'పొరలు విచ్చుకున్నాయి', 'తెర తొలగింది'. పుస్తకం మారినా మాటలు మారని ముందుమాటలు మనకి బాగా తెలుసు కదా. ఈ రివ్యూలూ అవే. ప్రతి రికార్డునీ అందంగా వినిపించే స్పీకరు కూడా అలాంటి ముందుమాటల పెద్దమనిషే. దాన్ని నమ్మి పాట గురించి ఏం తెలుసుకుంటాం?

నేను మొదట తెచ్చిన జత అలాంటిదే. షోరూములో మృదంగం గుండెకి తగిలింది. ఇంట్లో పెడితే గది మోగింది. నాన్న రెండు చరణాలు విని, "గొంతు కుండలోంచి వస్తోందిరా" అన్నారు. లెక్క వేస్తే ఆయన మాటే నిజం. పదడుగుల ఎదురెదురు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలువ ఉండిపోతుంది, దానికి రెట్టింపు 112 దగ్గర మళ్లీ. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకటే కావడంతో మూడు మోతలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆ 112 సరిగ్గా మగగొంతు కింది స్వరాలుండే చోటు. స్పీకరు వెనక ఉన్న గాలి రంధ్రం గోడకి దగ్గరై ఇంకాస్త ఆజ్యం పోసింది. గది మధ్యలో కూర్చోవడం నా వంతు తప్పు. అక్కడ 56 మాయమవుతుంది, 112 ఉబ్బుతుంది. కుర్చీని వెనక గోడకి రెండున్నర అడుగుల దూరానికి జరిపితే, అంటే గది పొడవులో పావు వంతుకి, ఆ ఉబ్బు చాలావరకు తగ్గింది. పైసా ఖర్చు లేదు. గోడకి కలంకారీ దుప్పటి కడితే చాలదా అనుకున్నాను. పల్చటి బట్ట పైస్థాయి శబ్దాల్ని కొంత పీలుస్తుంది గానీ కింది మోతని ఏమీ చెయ్యలేదు. మూలన నిలబెట్టిన దూదిపరుపు కాస్త నయం.

తర్వాత ఒక మిత్రుడు తన ఎల్ఎస్3/5ఎ జత వారం రోజులకి ఇచ్చాడు. 1970లలో బీబీసీ ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యాన్లలో, ఇరుకు చోట్ల వాడటానికి తయారుచేసిన డిజైన్ అది. అడుగు ఎత్తు, గాలి రంధ్రం లేని మూసిన పెట్టె. మాట సరిగ్గా వినబడుతోందా లేదా చూడటం దాని ముఖ్యమైన పని. లోపాలు చాలానే ఉన్నాయి. ఎక్కువ కరెంటు తాగి తక్కువ శబ్దం ఇస్తుంది. డప్పు దాని వల్ల కాదు. అడుగు స్వరాలు లేని లోటు తెలియకుండా వంద హెర్ట్జ్ పైన కొంచెం ఉబ్బు పెట్టారు. అంటే అదీ అబద్ధం చెబుతుంది. ఏ స్పీకరూ నిజం చెప్పదు. దాని అబద్ధం దేన్ని కాపాడటానికో చూసుకోవాలి.

ఇది కాపాడేది పలుకుని. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టి, విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చుకున్న ఆయన, ఎంత పెద్ద గమకం వేసినా మాటని నలగనివ్వడు. ఒత్తు ఒత్తులాగే ఉంటుంది. సంగతికీ సంగతికీ మధ్య ఊపిరి తీసుకోవడం నేను మొదటిసారి విన్నాను. నాన్న విని, "ఇప్పుడు అక్షరం పలుకుతోంది" అన్నారు. అని, లేచి వరండాలోకి వెళ్లి అదే పాట ఫోన్లో పెట్టుకున్నారు.

నాకు చివుక్కుమంది. కానీ నాన్నది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో వాళ్ల ఇల్లు పోయింది, ఇంట్లో రేడియో పోయింది. ఆ తర్వాత చాలాకాలం కాఫీ హోటలు ముందు పదిమందితో కలిసి నిలబడి విన్న పాటలివి. ఫోను వదిలేసిన కింది స్వరాల్ని ఆయన జ్ఞాపకం నింపుకుంటుంది. నాకు ఆ జ్ఞాపకం లేదు. ఇంజనీరింగ్ అయ్యాక, ముప్ఫైకి దగ్గరపడుతుండగా ఈ పాటల దగ్గరికి వచ్చాను. ఆయనకి ఊరికే దొరికినదాన్ని నేను లక్షన్నరకి కొనుక్కుంటున్నాను.

చివరికి అదే పద్ధతిలో చేసిన మూసిన పెట్టెల జత ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. కోను చుట్టూ రబ్బరు ఉందో లేదో చూసి మరీ. నురగ అంచైతే తేమకి పొడిపొడిగా రాలిపోతుంది, బందరు గాలి సంగతి తెలిసిందేగా.

ఒక చిక్కు మిగిలింది. నా గదిలో పాట సరిగ్గా వినబడే చోటు ఒక్క కుర్చీకే. పదిమంది విన్న పాట ఒక్కడికి కుదించుకుపోయింది. అందుకని ఇప్పుడు తలుపు తీసి పెడుతున్నాను. వరండాలోకి వెళ్లేసరికి స్టీరియో ఉండదు, రెండు స్పీకర్లూ కలిసి ఒకటైపోతాయి. స్వరం మాత్రం చెడదు, లోపల ఎవరో పాడుతున్నట్టే ఉంటుంది. నాన్న అక్కడ మంచం మీద పడుకుని వింటారు. ఈమధ్య ఫోను ఛార్జింగులోనే ఉంటోంది.