రెండే జట్ల లీగ్

ఈ లీగ్ పాయింట్ల పట్టికలో వరుసలు రెండే. గెలిచిన జట్టు పైన ఉంటుంది. రెండోది రన్నరప్ అని చెప్పుకోవచ్చు, ఆఖరి స్థానం అనీ అనొచ్చు. కప్పు పోటీ పెడితే క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్ లాంటి గొడవేమీ లేకుండా ఇద్దరూ నేరుగా ఫైనల్లోనే దిగుతారు. ఇంగ్లండ్ నైరుతి కొసకు ఆవల, సిల్లీ దీవుల్లో నడిచే ఈ లీగ్‌కు ప్రపంచంలోనే అతి చిన్నదని పేరు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ గుర్తింపు కూడా ఉంది. ఉన్న క్లబ్బులు గారిసన్ గన్నర్స్, వూల్‌ప్యాక్ వాండరర్స్. శీతాకాలం ఆదివారాల్లో, ఒకే మైదానంలో, సీజన్‌కు పదిహేను ఇరవై సార్లు ఈ ఇద్దరే తలపడతారు.

వినగానే నవ్వొస్తుంది. కానీ ఉన్నదే ఇద్దరైతే వాళ్ల మధ్య పోటీ చప్పబడకుండా, పగగా ముదరకుండా తరాల తరబడి నడిపించడం తేలికేం కాదు. సిల్లీ వాళ్లు దానికో పద్ధతి పెట్టుకున్నారు.

ముందు ఊరి సంగతి. ల్యాండ్స్ ఎండ్ అనే ఆ నైరుతి కొస నుంచి సుమారు 45 కిలోమీటర్లు అట్లాంటిక్‌లోకి వెళ్తే ఈ దీవులు వస్తాయి. మనుషులు కాపురముండేవి ఐదు: సెయింట్ మేరీస్, ట్రెస్కో, సెయింట్ మార్టిన్స్, బ్రైయర్, సెయింట్ ఆగ్నెస్. అన్నిట్లో కలిపి జనాభా 2,000 పైచిలుకు. అందులో నాలుగింట మూడొంతుల మంది సెయింట్ మేరీస్‌లోనే ఉంటారు. వేసవంతా టూరిస్టులు, పడవలు, హోటళ్లు. ఊపిరి సలపదు. చలికాలంలో ప్రయాణికుల ఓడ ఆగిపోతుంది. చిన్న విమానాలున్నా, పొగమంచు కమ్మితే అవీ కదలవు. వారం వారం ఎదుటి ఒడ్డునున్న కార్న్‌వాల్ నుంచి ఓ జట్టును రప్పించడమో, తామే అక్కడికి వెళ్లడమో కుదిరే పని కాదు. ఆడాలంటే తమలో తామే ఆడుకోవాలి.

1920లలోనే ఇక్కడ రోవర్స్, రేంజర్స్ అని రెండు జట్లుండేవి. దీవికీ దీవికీ మధ్య లియోనెస్ కప్పు కోసం ఆడిన రోజులూ ఉన్నాయి. ల్యాండ్స్ ఎండ్‌కూ ఈ దీవులకూ నడుమ సముద్రంలో మునిగిపోయిందని కథలు చెప్పే రాజ్యం పేరు లియోనెస్. వందా నూటయాభై మంది ఉండే దీవి నుంచి పదకొండు మంది ఆటగాళ్లను ఏళ్ల తరబడి సమకూర్చడం ఎంత కష్టమో లెక్క వేసుకుంటే తెలుస్తుంది. పసిపిల్లలు, ముసలివాళ్లు, ఆటంటే గిట్టనివాళ్లు పోగా మిగిలేది ఎందరని? చివరికి ఆటంతా సెయింట్ మేరీస్ చేరింది. 1984లో జట్లకు ఇప్పటి పేర్లు పెట్టారు.

పేర్లు పెట్టడంలోనే ఓ తమాషా ఉంది. హ్యూ టౌన్ అనే ఊరికి పడమటి వైపు సముద్రంలోకి చొచ్చుకొచ్చిన గుట్టే గారిసన్. స్పెయిన్ దండెత్తి వస్తుందన్న భయంతో 1593లో అక్కడ నక్షత్రం ఆకారంలో స్టార్ కాజిల్ కట్టారు. తర్వాత చుట్టూ గోడలు లేచాయి, ఫిరంగులు వచ్చాయి. వూల్‌ప్యాక్ ఆ గుట్ట మీదే ఓ కొస. రెండు జట్లూ ఆడేది కూడా ఆ గుట్ట మీదున్న గారిసన్ ఫీల్డ్‌లోనే. ఈ పేట, ఆ పేట అన్న పట్టింపుకు చోటే లేదు. సొంత మైదానం, అవతలివాళ్ల మైదానం అన్న తేడా కూడా లేదు.

ఇక ఆ పద్ధతి. సీజన్ మొదట్లో ఇద్దరు కెప్టెన్లు కూర్చుని ఉన్న ఆటగాళ్లను వంతులవారీగా పంచుకుంటారు, మన ఊళ్లలో చెడుగుడుకు జట్లు వేసుకున్నట్టే. నిరుడు గన్నర్స్‌కు గోల్స్ కొట్టినవాడు ఈ ఏడు వాండరర్స్ చొక్కాలో కనిపించవచ్చు. అన్నదమ్ములు చెరోవైపు పడొచ్చు.

నా దృష్టిలో లీగ్ ప్రాణమంతా ఈ పంపకంలోనే ఉంది. పెద్ద క్లబ్బుల్లో మంచి ఆటగాళ్లందరినీ లాక్కున్న మేనేజరును మొనగాడంటారు. ఇక్కడ ఆ పని చేస్తే క్రిస్మస్‌కల్లా సీజన్ చచ్చినట్టే. వరసగా ఆరు ఆదివారాలు అరడజను గోల్స్ తినడానికి ఎవడు పొద్దున్నే లేచి ఎదురుగాలిలో గుట్టెక్కుతాడు? వాడు రాకపోతే గెలిచినవాడికీ ఆట లేదు. కాబట్టి కెప్టెన్ తన జట్టును చూసుకుంటూనే అవతలి జట్టు బలాన్నీ ఓ కంట కనిపెట్టాలి. నిలకడైన గోల్‌కీపర్ చెరొకడు ఉండాలి. పరుగు తీసే కుర్రాళ్లు ఒకేవైపు పోగు కాకూడదు. వేలంలో కోట్లు కుమ్మరించే లీగులకు ఈ లెక్క ఎక్కదు.

మైదానంలో మరో చిక్కు. ఇక్కడ ఎవరికీ ఎవరి దగ్గరా రహస్యాలుండవు. పెనాల్టీ కిక్‌నే చూడండి. బంతి పెట్టినవాడు ఎప్పుడూ తన్నేది కుడి మూలకని గోల్‌కీపర్‌కు తెలుసు. ఆ సంగతి కీపర్‌కు తెలుసని తన్నేవాడికీ తెలుసు. కిందటేడు ఇద్దరూ ఒకే జట్టులో ఆడి ఉంటే, ఎటు దూకబోయే ముందు కీపర్ ఏ కాలి మీద బరువు వేస్తాడో కూడా వాడు చూసే ఉంటాడు. ఇంత తెలిశాక కొత్త ఎత్తు మూడు ఆదివారాలకు మించి పనిచేయదు. పాతబడ్డ ఎత్తును మార్చుకుంటూ పోవడమే ఇక్కడి ఆట. ఫౌల్ చేసేవాడూ కాస్త ఆలోచించుకోవాలి. కాలు విరగ్గొడితే సోమవారం ఆ మనిషి పడవ నడపలేడు, పూల కోతకు పోలేడు. ఇక్కడ శీతాకాలం నార్సిసస్ పూల కోతల కాలం కూడా మరి.

లీగ్ ఒక్కటే అయితే విసుగొస్తుందేమో, చారిటీ షీల్డ్ ఉంది, హోల్‌సేలర్స్ కప్ ఉంది, రెండు విడతలుగా ఆడే ఫోర్‌డెక్ కప్ ఉంది. ప్రత్యర్థి మాత్రం అదే. బయటి జట్టుతో తలపడాల్సి వస్తే రెండు జట్ల నుంచీ ఏరి ఒకే జట్టుగా దిగుతారు.

2008లో అడిడాస్ కంపెనీ ‘డ్రీమ్ బిగ్’ ప్రచారం కోసం బెక్‌హామ్, జెరార్డ్ లాంటి మహామహులను ఈ లీగ్‌తో ముడిపెట్టింది. ఆ తర్వాత పత్రికలూ టీవీలూ వరస కట్టాయి. అవి ఎక్కువగా దీన్నొక వింతగానే చూపించాయి. చిన్నది కాబట్టి ముద్దొచ్చే వింత. పంపకంలో ఉన్న తెలివిని అంత శ్రద్ధగా పట్టించుకున్నవి తక్కువ.

లీగ్‌కు అసలు ముప్పు జనం పలచబడటమే. దీవుల బడిలో చదువు పదహారేళ్ల వరకే. ఆపై చదవాలంటే ప్రధాన భూభాగానికి పోవాలి. కాళ్లలో సత్తువ వచ్చే వయసుకు కుర్రాడు ఊళ్లో ఉండడు. కొందరు చదువయ్యాక తిరిగొస్తారు, చాలామంది అక్కడే స్థిరపడతారు. అందుకే ఇక్కడి జట్టులో నూనూగు మీసాల కుర్రాడి పక్కనే వాడి తండ్రి ఈడువాడు కనిపిస్తాడు. పంపకానికి కూర్చున్న కెప్టెన్లు ఎవరు బాగా ఆడతారన్నదానికంటే ముందు, మార్చి దాకా ఎవరు ఊళ్లో ఉంటారన్నది తేల్చుకోవాలి.