నడికట్టు కడితే గడ్డం మొలిచింది

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో ఒక నడికట్టు ఉంది. పేరు బెల్ట్ ఆఫ్ డ్వార్వెన్‌కైండ్. కట్టుకున్నవాడికి ఒంటి దారుఢ్యం రెండు పాయింట్లు పెరుగుతుంది, విషం అంత తేలిగ్గా ఎక్కదు, చీకట్లో చూపు ఆనుతుంది, డ్వార్ఫులనే పొట్టి జాతివాళ్ల భాష వచ్చేస్తుంది. ఇవన్నీ ఆటగాడు తన కాగితం మీద అంకెలుగా, పొడిమాటలుగా రాసుకునే సంగతులు. నియమాల పుస్తకం అక్కడితో ఆగిపోతే చెప్పుకోడానికి ఏమీ లేదు. అది ఇంకో వాక్యం కలిపింది. ఆ నడికట్టు ఒంటి మీద ఉన్నన్నాళ్లూ ప్రతి తెల్లవారుజామునా, సగానికి సగం అవకాశంతో, మనిషికి నిండు గడ్డం మొలుస్తుంది. గడ్డం మొలిచే శరీరమైతేనే సుమా. ముందే ఉంటే ఇంకా ఒత్తవుతుంది.

ఈ ఒక్క వాక్యం ఎంత కథ నడిపిస్తుందో చూడండి. ఒక క్లెరిక్, అంటే పూజారి పాత్ర ఉందనుకుందాం. నున్నటి చెంపలు, రాజాస్థానంలో మాటకారి అని పేరు. గుహలో నడికట్టు దొరికింది, కట్టాడు. మర్నాడు పొద్దున ఆట నడిపే డంజన్ మాస్టర్ పాచిక వేయమంటాడు. సరి సంఖ్య పడితే గడ్డం, బేసి పడితే బతికిపోయినట్టు. వరసగా నాలుగు తెల్లవార్లు తప్పించుకోవాలంటే పదహారింట ఒక వంతు అదృష్టం ఉండాలి. వారం తిరిగేసరికి ఆటగాడు సామాన్ల జాబితాలో తాడు, కాగడాల కింద మంగలికత్తి కూడా చేరుస్తాడు. కోట దగ్గర కాపలావాడు ఎగాదిగా చూసి, మొన్న వచ్చిన గురువుగారు ఏరీ అంటాడు. అదే డ్వార్ఫుల గనిలోకి వెళ్తే పిలిచి పీట వేస్తారు. ఆ నడికట్టు కట్టినవాడి మాట డ్వార్ఫుల దగ్గర ఎక్కువ చెల్లుతుందన్నది కూడా నియమమే. ఒకచోట గడ్డం మర్యాద, ఇంకోచోట అనుమానం. క్లెరిక్ రోజూ పొద్దున్నే ఆలోచించుకోవాలి, ఇవాళ గీయాలా, ఉంచాలా?

మాయ వస్తువు మనిషి రూపాన్ని ఏం చేస్తుందన్నది పైకి పిల్లల ప్రశ్నలా కనిపిస్తుంది. ఈ ఆటల్లో కథ చెప్పే పనితనమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో దీన్ని అచ్చువేశారు. సీసపు బొమ్మలతో ఆడే యుద్ధపు ఆటల నుంచి పుట్టింది. స్ట్రేంజర్ థింగ్స్ సీరీస్ చూసినవాళ్లకి ఆ నేలమాళిగలో పిల్లలు బల్ల చుట్టూ చేరి అరుచుకునేది గుర్తుండే ఉంటుంది, ఆడేది ఇదే. ఒకరు డంజన్ మాస్టర్, లోకాన్ని నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. తెర లేదు, వేషం లేదు. మాట, పాచిక, కాగితం. అంటే పాత్ర ఎలా ఉందో ఎవరూ కళ్లతో చూడరు, ఎవరైనా చెబితేనే ఉంటుంది. చెప్పకపోతే కత్తికి పేరుండదు, కవచానికి రంగుండదు, అదనపు బలాన్ని చెప్పే ప్లస్ వన్ అనే గుర్తు మాత్రం కాగితం మీద మిగులుతుంది.

ఒంటి మీది వస్తువు మనిషినే మార్చేస్తుందన్న ఊహ ఈ ఆటకన్నా చాలా పాతది. మనకి మరీ పాతది. వాలి మెడలో ఇంద్రుడిచ్చిన కాంచనమాల ఉంటుంది. రాముడి బాణం తగిలి నేలకొరిగాక కూడా ఆ మాల అతని ప్రాణాన్నీ తేజస్సునీ శోభనీ పట్టి నిలిపిందంటాడు వాల్మీకి. అందుకే చివరి ఘడియలో వాలి దాన్ని సుగ్రీవుడికి ఇచ్చేస్తాడు, తన మెడలోనే ఉండి ప్రాణం పోతే దానిలోని శ్రీ కూడా పోతుందని. కర్ణుడి సంగతి ఇంకా తమాషా. కవచకుండలాలు ఒలిచి ఇస్తూ ఇంద్రుణ్ణి శక్తి ఆయుధం అడిగాడని అందరికీ తెలుసు. ఒలిచిన చోట శరీరం వికారం కాకూడదని కూడా భారతంలో అడుగుతాడు, ఇంద్రుడు సరేనంటాడు. అంతటి దాత, అంతటి యోధుడు, ఆ క్షణంలో రూపం గురించి ఆలోచించాడు! నాకు కర్ణుడు మరీ మనిషిగా కనిపించేది అక్కడే.

గైగాక్స్ తరం చదువుకున్నది మాత్రం టోల్కీన్‌నీ, జాక్ వాన్స్‌నీ, మైకేల్ మూర్కాక్‌నీ. టోల్కీన్ ఉంగరం వేలికి తొడిగితే మనిషి మాయమవుతాడు, అది తేలిక భాగం. అసలు పనితనం తొడగనప్పుడు కనిపిస్తుంది. దాన్ని దాచుకున్న బిల్బోకి నూటపదకొండేళ్లు వచ్చినా యాభై ఏళ్లవాడిలా ఉంటాడు, ఊళ్లో గుసగుసలు మొదలవుతాయి. అదే ఉంగరం, బిల్బోకన్నా ముందు దాన్ని దాచుకున్న గాలమ్‌ని ఎముకలగూడుగా, చీకటి ప్రాణిగా చేసింది. వస్తువు ఒకటే, రెండు ఒళ్ల మీద రెండు రాతలు రాసింది. ఈ తేడాని పట్టుకున్న డంజన్ మాస్టర్‌కి ఇంక వేరే పాఠం అక్కర్లేదు.

నియమాల పుస్తకం ఇచ్చే వస్తువుల్లో కొన్ని ఒంటిని తాకవు, చూసేవాళ్ల కంటిని మోసం చేస్తాయి. హ్యాట్ ఆఫ్ డిస్‌గైజ్ పెట్టుకుంటే వేరే మనిషిలా కనిపించొచ్చు, ఒక అడుగు పొడుగో పొట్టో కూడా కావచ్చు. తాకితే బండారం బయటపడుతుంది. లేని కిరీటాన్ని ముట్టుకోబోతే చెయ్యి అందులోంచి దూసుకుపోతుంది. గ్లామర్డ్ స్టడెడ్ లెదర్ అనే తోలు కవచం ఇంకో మెట్టు పైది. ఒక్క మాటతో అది పట్టు అంగీ అవుతుంది, రంగు, కుట్టు, నగానట్రా అన్నీ మీ ఇష్టం. కానీ బరువూ మందమూ తోలు కవచానివే. ఈ చివరి షరతు రాసినవాడెవరో కథ తెలిసినవాడు. విందులో అందరినీ బురిడీ కొట్టించిన దొంగ, సంతోషం పట్టలేని మంత్రిగారు వచ్చి కావలించుకుంటే దొరికిపోతాడు!

అయూన్ రాళ్లు మరో రకం. ఇవి వాన్స్ కథల్లోంచి వచ్చాయి. గాల్లోకి వదిలితే తల చుట్టూ ఒకటి నుంచి మూడు అడుగుల దూరంలో తిరుగుతుంటాయి. ఒక్కోటి ఒక్కో శక్తి ఇస్తుంది. కానీ నెత్తి చుట్టూ రాళ్లు తిరిగే మనిషిని చూసి పేదవాడని ఎవరనుకుంటారు? సంతలో బేరం ఆడలేడు, రాత్రి సత్రంలో గుట్టుగా పడుకోలేడు. ఎగురుతున్న రాయిని ఎదుటివాడు లాక్కోవచ్చని నియమం కూడా ఉంది.

అసలు భయం పుట్టించేవి ఒంటిని తీసుకునే వస్తువులు. వెక్నా అనే మృతమాంత్రికుడి ఎడమ చెయ్యి, ఒక కన్ను 1976లో వచ్చిన ఎల్‌డ్రిచ్ విజార్డ్రీ పుస్తకం నుంచీ ఈ ఆటలో ఉన్నాయి. ఆ చెయ్యి కావాలంటే ముందు మీ చెయ్యి నరుక్కోవాలి. మొండి దగ్గర పెడితే నల్లగా ఎండిన ఆ చెయ్యి అతుక్కుని, మీ సొంతదానిలా వేళ్లు కదుపుతుంది. ఐదో కూర్పు నియమాల్లో దాని శక్తులు పేరాల కొద్దీ ఉన్నాయి. ఏ బల్ల దగ్గరా ఎవరూ మొదట వాటి గురించి అడగరు. నిజంగా నరుకుతావా అని పక్కవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న తర్వాతి నిశ్శబ్దాన్ని ఏ ప్లస్ త్రీ కత్తీ కొనలేదు.

డంజన్ మాస్టర్ చేతిలో ఉన్న పనిముట్లు చాలావరకు పుస్తకంలోనే ఉన్నాయి, వాడేవాళ్లు తక్కువ. 2014 నాటి ఐదో కూర్పులో పెద్ద మాయ వస్తువులకి అట్యూన్‌మెంట్ అనే పద్ధతి పెట్టారు. వస్తువుతో కనీసం గంటసేపు కూర్చుని దాన్ని మచ్చిక చేసుకోవాలి, ఒక మనిషి ఒకేసారి మూడింటికి మించి మోయకూడదు. ఎక్కువమంది ఈ గంటని ఒక్క ముక్కలో దాటేస్తారు: సరే, గంట అయింది, ఇంక నీదే. నన్నడిగితే ఆ గంటే మొత్తం వస్తువు. అగ్నిరాక్షసుల నడికట్టు కడితే బలం ఇరవై అయిదుకి చేరుతుందని పుస్తకం చెబుతుంది, ఒళ్లు ఏమవుతుందో చెప్పదు. ఆ ఖాళీ మనకోసం వదిలిందే. భుజాలు అంగీలో పట్టడం లేదా? లేక సన్నటి ఒళ్లు అలాగే ఉండి, పట్టుకున్న చెంబు సొట్టపోతోందా? రెండోది నాకు ఇష్టం, ఎందుకంటే శత్రువు మోసపోతాడు, ఆ మోసపోవడం చూడ్డానికి బాగుంటుంది.

అదే పుస్తకంలో వస్తువుకి చిన్న గుణాలూ, వింత బుద్ధులూ అంటించే పట్టికలున్నాయి. పన్నెండు ముఖాల పాచిక వేస్తే ఒక కవచం తనంతట తానే అప్పుడప్పుడూ రూపు మార్చుకుంటుంది, ఇంకోటి గొణుగుతుంది, ఇంకోటి తాకినవాడికి రోత పుట్టిస్తుంది. మరో పట్టికలో ఎన్నటికీ మురికి పట్టని వస్తువు ఉంది. వినడానికి వరమే. మూడు రోజులు బురదలో పాకి వచ్చిన గుంపులో ఒకడి కవచం మాత్రం తళతళలాడుతుంటే, వీడు నిజంగా మనతోనే ఉన్నాడా అని సైనికులు చూసే చూపు ఊహించండి.

ఇక్కడ ఒక హద్దు ఉంది. పాత పుస్తకాల్లో కట్టుకున్నవాళ్లని ఆడ అయితే మగగా, మగ అయితే ఆడగా మార్చేసే శాపపు నడికట్టు ఒకటి ఉండేది. 1998లో వచ్చిన బాల్డర్స్ గేట్ కంప్యూటర్ ఆటలో ఒక ఓగర్ రాక్షసుణ్ణి చంపితే అది దొరుకుతుంది, తెలియక కడితే శాపం తీసే మంత్రం పడేదాకా ఊడదు. అప్పట్లో అది నవ్వులాట. 2014 పుస్తకంలో అది లేదు, లేకపోవడమే మంచిది. పాత్ర ఒళ్లు ఆటగాడి సొంతం. దాన్ని మార్చే వస్తువు పెట్టాలనుకుంటే ఆట మొదలవకముందే పక్కకి పిలిచి, నీ పాత్రకి ఇలాంటివి జరిగితే పర్లేదా అని అడగడం ఇప్పుడు చాలా బల్లల దగ్గర పద్ధతి అయింది.

వీడియోగేమ్ తెర మీదకి వచ్చేసరికి సమస్య తలకిందులైంది. అక్కడ చెప్పక్కర్లేదు, కనిపిస్తుంది. 2004లో క్యాప్‌కామ్ తెచ్చిన మాన్‌స్టర్ హంటర్ దీన్ని అందంగా వాడుకుంది. చంపిన మృగం పొలుసులూ కొమ్ములూ ఎముకలతోనే కవచం కుట్టిస్తారు. ఎదుటి ఆటగాడు దేనితో తలపడి వచ్చాడో ఒళ్లు చూస్తే తెలిసిపోతుంది. అదే ఏడాది వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆ భాగ్యం అందరికీ దక్కలేదు. గంటకో కొత్త వస్తువు దొరుకుతుంది, ఎక్కువ అంకె ఉన్నదే తొడగాలి. 2007లో ది బర్నింగ్ క్రుసేడ్ అనే విస్తరణ వచ్చాక వీరులంతా ఊదా టోపీ, ఆకుపచ్చ భుజాలు, నారింజ లాగులతో తిరిగారు. ఆటగాళ్లే దాన్ని క్లౌన్ సూట్ అని వెక్కిరించుకున్నారు. చివరికి 2011 నవంబరులో ట్రాన్స్‌మాగ్రిఫికేషన్ వచ్చింది. బంగారం చెల్లిస్తే కొత్త కవచం శక్తి అలాగే ఉండి, రూపం మాత్రం మీకు నచ్చిన పాత కవచానిది అవుతుంది. 2016లో ఆ రూపాలన్నీ దాచుకునే బీరువా కూడా ఇచ్చారు.

అప్పుడు గట్టిగానే వాదనలు జరిగాయి. ఒంటి మీది సామాను చూసి ఎదుటివాడి సత్తా అంచనా వేసేవాళ్లం, ఇప్పుడెలా అన్నారు కొందరు. తెర మీద నేను ట్రాన్స్‌మాగ్ పక్షమే. గంటకోసారి మారే వస్తువుకి చరిత్ర ఉండదు, చరిత్ర లేనిదానికి ముఖాన్ని అప్పగించడం ఎందుకు? అయితే రూపాన్ని శక్తి నుంచి విడదీశాక అది అంగడి సరుకైపోవడం కూడా చూశాం. దానికి ముందే, 2006లో ఆబ్లివియన్ ఆట గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకి అమ్మింది. ఆటగాళ్లు నవ్వారు, కొన్నారు కూడా. ఇవాళ ఆ వ్యాపారం ఎంత పెద్దదో పిల్లల ఫోన్లకి డబ్బు కట్టే తల్లిదండ్రులకి నేను చెప్పక్కర్లేదు.

బల్ల దగ్గర మాత్రం ఈ విడదీత పనికిరాదు. అక్కడ వస్తువులు తక్కువ, నెలల తరబడి ఒంటి మీద ఉంటాయి, ఒక్కోదాని వెనక ఒక గుహో ఒక చావో ఉంటుంది. వారాంతాల్లో స్నేహితుల్ని కూడేసి కొత్తగా డంజన్ మాస్టర్ కుర్చీలో కూర్చునే మనవాళ్లకి ఒక మాట. తర్వాతి నిధిపెట్టె తెరిచేటప్పుడు ప్లస్ వన్ కత్తి అని చదివేయకండి. పిడి పట్టుకోగానే అరచెయ్యి ఏ రంగుకి తిరిగిందో, ఊళ్లోకి వెళ్తే దాన్ని చూసి మొదట తలుపు వేసుకున్నది ఎవరో చెప్పండి. తెలుగులోనే చెప్పండి, ఆట ఇంగ్లిష్‌లో ఆడాలని ఏ నియమంలోనూ లేదు. అంకె తర్వాత రాసుకుంటారు.