ఖల్లికోట కావలివాళ్లు

అడవినీ నీటినీ సముద్రపు ఒడ్డునూ ఒకే చేత్తో కాయగలిగిన మనుషులు ఒడిశాలోని గంజాం జిల్లా ఖల్లికోట ప్రాంతంలో ఇంకా కొద్దిమంది మిగిలి ఉన్నారు. వాళ్లకు సాటి వచ్చే పనివాళ్లు దేశంలో మరెక్కడా లేరని నా గట్టి నమ్మకం. మరో చోట కావలివాడికి అడవి ఒక్కటే తెలిస్తే చాలు. ఇక్కడ అలా కుదరదు. ఒకవైపు ఏనుగులు తిరిగే కొండలు, ఒకవైపు చిలికా సరస్సు, ఇంకోవైపు రుషికుల్య నది సముద్రంలో కలిసే ఇసుక తిప్పలు. మూడు చోట్లా మూడు రకాల జంతువులు, మూడు రకాల దొంగలు. ఏడాదిలో నెల మారితే పని మారుతుంది, పనిముట్టు మారుతుంది, చివరికి నడక కూడా మారుతుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఖల్లికోట మర్దరాజుల జమీందారీ. చిలికా ఒడ్డున రంభలో ఉన్న పెద్ద భవనం పద్దెనిమిదో శతాబ్దం చివర గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ కట్టించింది, తర్వాత రాజుల చేతికి వచ్చింది. చలికాలంలో దొరలు అక్కడ దిగి బాతుల వేటకు వెళ్లేవారనీ, పడవ నడపడానికీ, తుపాకులు మోయడానికీ, తుడవడానికీ చుట్టుపక్కల ఊళ్ల మనుషులే వెళ్లేవారనీ పెద్దలు చెప్పుకుంటారు. వాళ్లలో ఒడియావాళ్లు ఉన్నారు, మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక క్రమంగా వేట ముగిసింది. వేటగాడికి తెలిసిన విద్య మాత్రం ముగిసిపోలేదు, కావలివాడి చేతికి వచ్చింది. నాకు ఆ విద్య మీదే మక్కువ.

ముందు తుపాకి సంగతి. రంభలో నాకు ఈ పని దగ్గరుండి చూపించిన పెద్దాయన దగ్గర లైసెన్సు ఉన్న జంట గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఒకటి ఉండేది. ఆయన దాన్ని ముందు వేసుకుని కూర్చుంటే చూడాలి! పక్కన గిన్నెడు వేడినీళ్లు, పాత పంచె చింపిన గుడ్డపేలికలు, కడ్డీ, చిన్న సీసాలో నూనె. అంతే సరంజామా. మొదట తుపాకి విరిచి, రెండు అరల్లోనూ చిటికెన వేలు పెట్టి చూస్తాడు. కంటితో చూసింది చాలదు, వేలు ఒప్పుకోవాలి. వెనకటి మందు కూరే తుపాకులకైతే ఇంకో ఉపాయం ఉండేది. ఖాళీ గొట్టంలో కడ్డీ ఎంత లోతుకు దిగుతుందో అక్కడ కడ్డీ మీద గాటు పెట్టి ఉంచేవారు. గాటు గొట్టం మూతి దగ్గరకు రాకుండా పైనే ఆగిపోయిందంటే లోపల మందు కూరి ఉన్నట్టే. చదువు రాని మనిషి కూడా చీకట్లో చేత్తో తడిమి తెలుసుకోగలిగిన లెక్క అది. దీన్ని మించిన జాగ్రత్త ఏ కంపెనీ పుస్తకంలో ఉందో చూపించండి.

తర్వాత గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి కన్ను ఆనిస్తాడు. లోపల వెలుగు గుండ్రంగా, అంచెలంచెలుగా, ఎక్కడా తెగకుండా కనిపించాలి. ఒక్కచోట నీడ పడితే అక్కడ తుప్పు మొదలైనట్టు. అసలు ఆయన భయం తుప్పు కూడా కాదు, కందిరీగ. వానాకాలంలో గోడకు ఆనించి నాలుగు రోజులు వదిలేస్తే మట్టిగూడు కట్టే కందిరీగ గొట్టంలో దూరి గూడు పెట్టేస్తుంది. అది చూడకుండా పేల్చినవాడి చేతిలో గొట్టం పగులుతుంది. అందుకే ఆయన ఇంట్లో తుపాకి మూతికి ఎప్పుడూ గుడ్డ చుట్టే ఉండేది, బయటికి తీసిన ప్రతిసారీ ఆ గుడ్డ విప్పి లోపలికి చూడందే అడుగు కదిలేది కాదు.

ఇక అందరూ తప్పు చేసేది నూనె దగ్గర. కొత్తవాడు తుపాకి పేల్చగానే నూనె పోస్తాడు. "నూనె కాదు బావూ, ముందు నీళ్లు" అనేవాడు పెద్దాయన. ఎందుకో ఆయనకు అనుభవం చెప్పింది, మనకు రసాయనశాస్త్రం చెబుతుంది. నల్ల తుపాకిమందు కాలాక మిగిలే మసి గాలిలో తేమను పీల్చుకుంటుంది. పాత సైన్యపు తూటాల టోపీల్లో వాడిన పొటాషియం క్లోరేటు కాలితే ఒక రకమైన ఉప్పు మిగులుతుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. మీద ఎంత నూనె పూసినా అడుగున ఉప్పు ఉండిపోయి ఇనుమును తినేస్తూనే ఉంటుంది. అందుకని ముందు వేడినీళ్ల గుడ్డ, మసి రాకుండా పోయేవరకు. వేడినీళ్లే ఎందుకంటే గొట్టం కూడా వేడెక్కి తడి త్వరగా ఆరిపోతుంది. ఆ తర్వాత పొడిగుడ్డ, తెల్లగా వెళ్లి తెల్లగా తిరిగి వచ్చేదాకా. అప్పుడు నూనె, అదీ పలచగా, వేలికి అంటీ అంటనట్టు. మళ్లీ పేల్చాల్సిన రోజున ఆ నూనె కూడా తుడిచెయ్యాలి, లేకపోతే మొదటి దెబ్బ గురి తప్పుతుంది.

మిగతావి చిన్న విషయాల్లా కనిపిస్తాయి, కావు. చిలికా గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి వానల్లో తుపాకిని తోలు సంచిలో పెట్టకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. చెమట చేత్తో ఇనుమును తాకితే వేలిముద్ర పడ్డచోటే తుప్పు మొలుస్తుంది కాబట్టి తాకిన వెంటనే తుడవాలి. కొయ్యకు అవిసె నూనె, అరచేత్తో, వెచ్చబడేదాకా రుద్దాలి. దాచేటప్పుడు మూతి కిందికి పెట్టాలి, లేకపోతే గొట్టంలో నూనె కారి కొయ్య మెత్తబడుతుంది. ఆ పెద్దాయన తుపాకి కొయ్య మీద చెయ్యి వేస్తే పెళ్లికూతురి పట్టుచీర మీద వేసినట్టుండేది. అంత శ్రద్ధగా పెంచుకున్న ఆ తుపాకి నేనెరిగినంతలో ఏ ప్రాణినీ చంపలేదు. పొలం మీద పడ్డ పందుల్ని బెదిరించడానికి ఆకాశంలోకి ఒక దెబ్బ, అంతే. ఆ ఒక్క దెబ్బ తప్పకుండా పేలాలనే ఇంత సేవ.

ఇప్పుడు ఏడాది పని. వానాకాలం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దారులు మూసుకుపోతాయి, జాడలు కొట్టుకుపోతాయి. ఆ రోజుల్లో ఆసికా దగ్గర భేట్నోయి, బలిపదర్ ఊళ్లకు వెళ్లి కృష్ణజింకల్ని చూడండి. పంటలో జింక అడుగుపెడితే వానలు పడతాయని అక్కడి రైతుల నమ్మకం. చేలో మేస్తున్నా తరమరు. గంజాం జిల్లాలో కృష్ణజింకలు ఇప్పుడు ఏడు వేలు దాటాయంటే అందులో సగం ఘనత ఆ రైతులదే. ఆంధ్ర సరిహద్దు దాటి ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి వస్తే నత్తల్ని తినే కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెట్టుకుంటాయి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు. కావలి అనేది జీతం పుచ్చుకునేవాడి పని మాత్రమే కాదని ఈ ఊళ్లు చూపిస్తున్నాయి.

అక్టోబరు వస్తే చిలికా. వానల్లో 1,100 చదరపు కిలోమీటర్లు దాటి విస్తరించిన నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ బురద తేలి మేత దొరుకుతుంది. హిమాలయాలు దాటి పట్టెతల బాతులూ, సూదితోక బాతులూ దిగుతాయి. దొంగలు వల వేస్తారు, పురుగుమందు కలిపిన ఎర చల్లుతారు. పక్షి ఎగిరిన తీరును బట్టి దాన్ని లేపింది పడవా, గద్దా, మనిషా అని చెప్పగలిగినవాడే అక్కడ కావలివాడు. సరస్సుకు ఆ చివర ఖుర్దా జిల్లాలో మంగళజోడి ఉంది. ఒకప్పుడు ఆ ఊరు పక్షుల్ని చంపి అమ్ముకునేది. 2000 ప్రాంతంలో ఆ వేటగాళ్లే సంఘం కట్టి కాపలాకు దిగారు. పక్షి కూతను అనుకరించి దాన్ని పట్టిన గొంతులే ఇప్పుడు దాన్ని కాస్తున్నాయి. వాళ్లు ఉన్న విద్యనే తిప్పుకున్నారు.

ఈ మాట మీద నాకు కడప ఐతన్న గుర్తొస్తాడు. జెర్డాన్ అనే శాస్త్రవేత్త 1848లో గుర్తించిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందని పుస్తకాలు రాసేశాయి. 1986 జనవరిలో ఆ పక్షిని రాత్రిపూట టార్చి వెలుగులో పట్టి చూపించింది పల్లెటూరి వేటగాడు ఐతన్న. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వెతికి దొరకనిది ఆయన కంటికి దొరికింది! నల్లమలలో చెంచులు పులి అడుగు చూసి అది ఎటు వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో చెప్పే తీరు కూడా అంతే. ఈ విద్యకు పట్టా ఇచ్చే కళాశాల ఏదీ లేదు.

ఫిబ్రవరి నుంచి అసలు పరీక్ష. రుషికుల్య మొగ దగ్గరికి సముద్ర తాబేళ్లు వస్తాయి. ఆలివ్ రిడ్లే అనే ఈ తాబేళ్లు ఇక్కడ గుంపులుగా గుడ్లు పెడతాయని 1994లో బిభాస్ పాండవ్ శాస్త్రలోకానికి చెప్పారు. పొడంపేట, గోఖర్‌కుద, పురుణబంధ ఊళ్ల పడవవాళ్లకు అది తెలియకుండా ఎలా ఉంటుంది? ఒడియావాళ్లు నోళియాలని పిలిచే మన తెలుగు బెస్తలు ఈ తీరంలో తరతరాలుగా ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల తాబేళ్లు ఆ ఒక్క ఒడ్డుకే వచ్చాయి. కొన్ని ఏళ్లు గుంపు అసలు రాదు. దక్షిణపు గాలి ఎప్పుడు మొదలవుతుందా అని కావలివాళ్లు రాత్రుళ్లు ఎదురుచూస్తూనే ఉంటారు.

అక్కడ తుపాకి పని తక్కువ. నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. ట్రాలర్లను ఆపడానికి సాయుధ సిబ్బంది పడవల్లో తిరుగుతారు, కోస్టుగార్డు 'ఆపరేషన్ ఒలీవియా' పేరుతో గస్తీ కాస్తుంది. ఒడ్డున ఉన్న మనిషికి కావలసింది కళ్లూ చెవులూ. తాబేలు గుడ్లు పెట్టి గుంత పూడ్చాక ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ ఇసుకను దిమ్మిసలా కొడుతుంది. ఆ దబదబ చప్పుడు వినగానే గూడు ఎక్కడో చీకట్లోనే తెలిసిపోతుంది. ఎక్కిన జాడేదో, దిగిన జాడేదో ఇసుక విసిరిన వైపును బట్టి చెప్పాలి. అలలు కొట్టేచోట ఉన్న గూడును తరలించాలంటే కొద్ది గంటల్లోనే తరలించాలి, గుడ్డును తిప్పకుండా, పైభాగం పైనే ఉండేలా. ఆలస్యమయ్యాక గుడ్డు బోర్లితే లోపలి పిల్ల చచ్చిపోతుంది. ఒక్కో గూట్లో వంద పైచిలుకు గుడ్లు, ఒక్కొక్కటీ అదే జాగ్రత్తతో. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికి వచ్చి ఎక్కువ వెలుగున్న వైపు పరుగెడతాయి. సముద్రం వైపు వెళ్లాల్సినవి ఊరి దీపాల వైపు వస్తాయి. తెల్లవార్లూ వాటిని బుట్టల్లో ఏరి నీళ్ల దగ్గర వదిలే కుర్రాళ్లను చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. పొడంపేట ఇళ్లను సముద్రమే మింగేసింది. ఊరు పోయినా ఆ మనుషులు ఆ తీరాన్ని విడిచిపెట్టలేదు.

అదే సమయంలో కొండల మీద మంటల కాలం. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు తగలబెడితే నిప్పు అడవికి పాకుతుంది. ముందే ఆకులు ఊడ్చి దారులు తీసి ఉంచాలి. చైత్రంలో ఇటుకల పండుగ వేటలు ఉంటాయి కాబట్టి కొండ ఊళ్లకు వెళ్లి పెద్దలతో మాట్లాడి రావాలి. తుపాకి చూపించి ఆపేది కాదది.

ఇంత విద్య ఉన్నచోట ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పాలంటే నాకు కోపం ఆగదు. సీజను వచ్చేసరికి కాంట్రాక్టు మీద కుర్రాళ్లను తెస్తారు. టార్చీ, టోపీ, ఈల ఇస్తారు. జాడ చదవడం ఎవరూ నేర్పరు. వాడు తెల్లటి టార్చి వేసుకుని ఒడ్డున నడిస్తే ఎక్కబోయిన తాబేలు వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. ఎర్రకాగితం చుట్టుకోవాలని చెప్పేవాడే లేడు. సీజను అయిపోగానే ఇంటికి పంపేస్తారు, వచ్చే ఏడు ఇంకొకడు వస్తాడు. నేర్చుకున్న కాస్తా అక్కడితో పోతుంది. ఆయుధాల గదిలో తుపాకులు తోలు సంచుల్లోనే వానాకాలం గడిపేస్తాయి. తనిఖీ రోజున స్ప్రే డబ్బా కొట్టి మెరిపిస్తారు, లోపల ఉప్పు అలాగే ఉంటుంది.

ఇక అడవిలో వేటగాడి పేరు పెట్టుకు తిరిగేవాళ్లను చూడండి. పైపు ముక్కతో చేసిన నాటు తుపాకి, పందికి పిండి ముద్దలో పెట్టిన బాంబు, చేను చుట్టూ కరెంటు తీగ. ఆ తీగకు పంది చస్తుంది, ఏనుగు చస్తుంది, తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చిన రైతు కూడా చస్తాడు. ఇది వేట కాదు. పాత షికారీ ఒక జాడ వెంట రోజంతా నడిచి, గురి కుదరకపోతే తుపాకి దించి వచ్చేసేవాడు. తీగ పెట్టినవాడు ఇంట్లో నిద్రపోతాడు. ఈ ఇద్దరినీ ఒకే మాటతో పిలవడం నాకు సహించదు.

కావలసింది పెద్ద ఖర్చు కాదు. మంగళజోడి పద్ధతిలో ఊరి మనుషులకే ఏడాది పొడవునా పని ఇవ్వాలి. వానాకాలంలో జింకల దగ్గర, చలికాలంలో చిలికాలో, వేసవిలో రుషికుల్య ఒడ్డున, మంటల దారుల మీద. పాతవాళ్లు కదలగలిగినన్నాళ్లు ఒక్కొక్కరి వెంట ఇద్దరు కుర్రాళ్లను తిప్పాలి, తుపాకి శుభ్రం చేసే కడ్డీ దగ్గర్నుంచి తాబేలు గూడు తరలించడం దాకా చేత్తో చేయించాలి. అటవీ సిబ్బంది శిక్షణలో వాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పించాలి, దానికి జీతం ఇవ్వాలి. బరంపురంలో, ఇచ్ఛాపురంలో ఉన్న మన తెలుగు సంఘాలు ఏటా సభలు పెట్టి శాలువాలు కప్పుతున్నాయి. వచ్చే నవంబరు 1న నిషేధం మొదలయ్యేలోపు ఒక్క సభ పొడంపేట ఒడ్డున పెట్టి, ఆ శాలువాలు ఈ కావలివాళ్లకు కప్పి, జిల్లా అధికారులకు ఈ కోరికల కాగితం అక్కడే అందించండి.