రాయి వాటం తెలిసిన చేతులు

నాగార్జునసాగర్ ఆనకట్ట ప్రధాన భాగాన్ని కాంక్రీటుతో పోయలేదు. రాయి మీద రాయి పేర్చి కట్టారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి దేశంలో సిమెంటుకు కరువు. పెద్ద యంత్రాలు బయటి నుంచి తెప్పించుకుందామంటే విదేశీ మారకద్రవ్యానికి ఇంకా కరువు. చుట్టూ కొండరాయి ఉంది, రాతిపని చేయగల జనం ఉన్నారు. ఇంజినీర్లు ఆ రెండింటినీ నమ్ముకున్నారు. 124 మీటర్ల ఎత్తున, కిలోమీటరున్నరకు కాస్త తక్కువ పొడవున లేచిన ఆ కట్టడానికి ప్రపంచంలోని రాతి ఆనకట్టలన్నిటిలో పెద్దదన్న పేరు వచ్చింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అక్కడ రాయి పగలగొట్టి, తట్ట మోసి, గోడ కట్టిన వేలమందిలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు లాంటి పాలమూరు ప్రాంతపు పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఎందరో. ఆనకట్టల పనుల్లోనే "పాలమూరు లేబర్" అన్న పేరు రాష్ట్రాలు దాటింది.

పేరైతే దాటింది కానీ, దాని వెనక ఉన్న విద్యకు గుర్తింపు రాలేదు. కూలిరేట్ల పట్టికలో ఈ పనుల్లో చాలావాటిని ఇప్పటికీ "నైపుణ్యం లేని" వరసలోనే వేస్తారు. పాలమూరు గురించి రాసేవాళ్లం కూడా కరువు గురించి, కన్నీళ్ల గురించి రాసినంతగా ఆ చేతుల్లో ఉన్న పనితనం గురించి రాయలేదు. దుఃఖం చెప్పాల్సిందే. కానీ దుఃఖం ఒక్కటే చెబితే ఆ మనిషి ఒట్టి కండబలంగా మిగిలిపోతాడు. అది అబద్ధం.

రాతిపని రాయిని ఎంచడంతో మొదలవుతుంది. వడ్డెర మేస్త్రి ముందు గుండు చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. సమ్మెటతో అక్కడక్కడ తట్టి వింటాడు. ఖంగుమంటే రాయి గట్టిది. బొంగురుగా పలికితే లోపల బీట ఉంది. అనుమానమొస్తే నీళ్లు చల్లి చూస్తాడు. పైభాగం ఆరిపోయినా బీటలో తడి నిలిచి సన్నటి గీతగా కనబడుతుంది. ఆ తర్వాత వాటం వెతుకుతాడు. నల్లరాయి పైకి ఒకే ముద్దలా ఉన్నా ఒక దిశలో తేలిగ్గా చీలుతుంది, ఇంకో దిశలో మొండికేస్తుంది. వాటానికి అడ్డం పడి కొడితే సగం రాయి పెచ్చులై పోతుంది.

వాటం దొరికితే దాని వెంట గీత గీసి, ఉలితో వరసగా చిన్న గూళ్లు తొలుస్తారు. ఒక్కో గూట్లో ఒక్కో ఇనుప చీల. అనుభవం లేనివాడు మొదటి చీలనే బలంకొద్దీ దిగ్గొడతాడు. ఆ చోట రాయి పెచ్చు లేచిపోతుంది, గీత పాడవుతుంది. తెలిసినవాడు మొదటి చీల నుంచి చివరి చీల దాకా ఒక్కొక్క దెబ్బ వేసుకుంటూ పోయి, మళ్లీ మొదటికి వస్తాడు. అలా తిరుగుతుండగా దెబ్బ మోత సన్నబడుతుంది. చీలలన్నీ సమంగా బిగిశాయని అర్థం. అప్పుడు సమ్మెట పక్కన పెట్టి ఆగాలి. ఒత్తిడి రాయి అడుగుదాకా దిగడానికి వ్యవధి కావాలి. కాసేపటికి గీత వెంటే రాయి రెండుగా విడుతుంది. నేల మీద పరుపుగా ఉన్న బండ అయితే పైన కట్టెలు పేర్చి మంట పెట్టడం పాత పద్ధతి. పైపొర వేడికి సాగి, కింద చల్లగా ఉన్న రాయి నుంచి ఊడుతుంది. మంటను ఎంత మెల్లగా జరిపితే అంత పెద్ద పలక లేస్తుంది.

ఉలి పదును సంగతి కూడా చెప్పాలి. రోజంతా నల్లరాతి మీద ఆడిన ఉలి సాయంత్రానికి మొద్దుబారుతుంది. కొలిమిలో మొన ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కొనను మాత్రం నీళ్లలో ముంచి తీస్తారు. వెనక మిగిలిన వేడి మొన వైపు పాకుతుంటే ఇనుము మీద రంగులు నడుస్తాయి. ముందు లేత పసుపు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా, నీలం. సరైన రంగు మొనకు చేరగానే మళ్లీ ముంచాలి. తొందరపడితే మొన పెళుసుగా ఉండి మొదటి దెబ్బకే విరుగుతుంది. ఆలస్యం చేస్తే మెత్తబడి వంగుతుంది. ఇంజినీరింగ్ కాలేజీలో "టెంపరింగ్" పేరుతో చెప్పే పాఠం ఇదే. కొలిమి దగ్గర కూర్చున్నవాడికి ఆ పాఠం కంటిచూపులో ఉంటుంది.

ఇంటి గోడకు రాయి పెట్టడం వేరు, ఆనకట్టకు పెట్టడం వేరు. ఇంటిగోడ బరువు మోస్తే చాలు. ఆనకట్ట వందల అడుగుల నీటి తోపుడును తట్టుకోవాలి, తన గుండా నీటిని పోనీయకూడదు. అందుకని రాయిని ముందు కడిగి తడుపుతారు. దుమ్ము ఉంటే మాలు పట్టదు, పొడిగా ఉంటే మాలులోని నీటిని రాయి పీల్చేస్తుంది. వెడల్పాటి ముఖం కిందికి వచ్చేలా తిప్పి, పరిచిన మాలు మీద కూర్చోబెట్టి, చుట్టూ మాలు పైకి ఉబికేదాకా తడతారు. రెండు రాళ్ల నడుమ సందును ఉత్త మాలుతో నింపితే ఆరాక అది ముడుచుకుని బీటలిస్తుంది. ముందు మాలు నింపి, దాంట్లోకి రాతి పెచ్చులు కొట్టి దించాలి. పై వరస అతుకు కింది వరస అతుకు మీద పడకూడదు. అక్కడక్కడ పొడుగు రాళ్లను లోపలికి అడ్డంగా దించి ముందూ వెనకా కట్టును ముడివేయాలి. పని ఎలా జరిగిందో చూడాలంటే అప్పుడే పెట్టిన రాయిని గడ్డపారతో లేపాలి. అడుగు ముఖమంతా మాలు అంటి ఉండాలి. ఎక్కడైనా పొడిమచ్చ కనబడితే అక్కడ ఖాళీ ఉన్నట్టే, రేపు నీరు వెతుక్కునేది ఆ ఖాళీనే. ఇంత పెద్ద కట్టడంలో ఇంజినీరు ప్రతి రాయినీ లేపి చూడలేడు. చాలావరకు కట్టినవాడి చేతినే నమ్మాలి. సాగర్ ఆ నమ్మకం మీదనే నిలబడి ఉంది.

మట్టిపని ఇంకా తేలిక అనుకుంటారు. కాలువ తవ్వకంలో కూలి ఘనపు కొలత మీద వస్తుంది. మట్టిని ఎంత దూరం మోశారన్నది లీడు, ఎంత ఎత్తుకు ఎక్కించారన్నది లిఫ్టు. రెండింటికీ వేరే లెక్క. తవ్వేసిన నేల అంతకుముందు ఎంత ఎత్తున ఉండేదో తెలియడానికి గుంతలో అక్కడక్కడ మట్టిదిమ్మెల్ని తవ్వకుండా వదులుతారు. వాటి ఎత్తును సగటు తీసి లోతు కడతారు. దిమ్మె ఎక్కడ వదలాలన్న దగ్గరే లాభనష్టాలు తేలతాయి. పల్లంలో వదిలితే లోతు తగ్గి కూలి పోతుంది. ఏ బడికీ పోని మేస్త్రీలు నేల చూసి, మెత్తన, గట్టి మొరం, బండ అని రకం చెప్పి, ఎన్ని జంటలకు ఎన్నాళ్ల పనో నోటిలెక్కతో తేల్చేవారు. ఆ అంచనా తప్పితే గుంపు మొత్తం అప్పులో పడుతుంది.

గుంపు అంటే గుంపు మేస్త్రి ఊళ్లలో తిరిగి, అడ్వాన్సు ఇచ్చి కూడగట్టిన జనం. పనికి లెక్క ఎక్కువగా జంటలతోనే. మగమనిషి తవ్వితే ఆడమనిషి మోస్తుంది. ఈ మోసే పనిని ఎవరూ పనితనంగా చూడరు. సుట్టబట్ట తల మీద సరిగ్గా కుదరాలి, తట్ట బరువు వెన్నెముక మీదుగా నేరుగా దిగాలి, మెడ కదలకుండా నడుము కింది భాగమే నడవాలి. ఊగే చెక్క మీద ఎక్కేటప్పుడు ముందున్నామె అడుగుతో అడుగు కలపకూడదు. అందరి అడుగూ ఒకేసారి పడితే చెక్క ఊపు పెరుగుతుంది. తల్లుల వెనక నడిచి నేర్చిన విద్య ఇది. అయినా గుంపుల్లో మేస్త్రి అయిన ఆడమనిషి కనబడడం చాలా అరుదు. కొలత పుస్తకంలో ఆమె పేరు మొగుడి పేరు చాటున పోయింది.

ఆ అడ్వాన్సే గుంపుకు సంకెల కూడా. అప్పు తీరేదాకా పని వదలడానికి లేదు, కూలి చేతికొచ్చేది చివర్లో, అదీ కోతలు పోను. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. వాటి నీడ క్యాంపుల దాకా చేరింది తక్కువ. పీర్ల పండుగకు ఊరు చేరి, ఇంట్లో ముసలివాళ్ల దగ్గర వదిలిన పిల్లల్ని చూసుకుని, మళ్లీ బయల్దేరేవాళ్లు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర పారుతుంటే నడిమధ్య ఉన్న నడిగడ్డ వాళ్లు ఎవరి పొలాలకో కాలువలు తవ్వడానికి పోయారన్న మాట తలచుకుంటే ఇప్పటికీ మనసు భగ్గుమంటుంది.

సాగర్ శంకుస్థాపనకు కొన్నేళ్ల ముందు విశాఖలో ఏం జరిగిందో చూడండి. వాల్‌చంద్ హీరాచంద్ మొదలుపెట్టిన ఓడల కర్మాగారంలో తయారైన "జల ఉష"ను 1948 మార్చి 14న నెహ్రూ నీటిలోకి దించారు. ఓడలు కట్టేచోట ప్రతి పనికీ ఒక పేరుంది. ప్లేటర్, ఫిట్టర్, వెల్డర్, రిగ్గర్. వెల్డరుకు పరీక్ష ఉంటుంది. ఇచ్చిన పలకల్ని అతికించి చూపాలి, ఆ అతుకును వంచి, ఎక్స్‌రే తీసి చూస్తారు. నెగ్గితే కార్డు చేతికొస్తుంది, కార్డును బట్టి జీతం. ఓడకైనా ఆనకట్టకైనా నీరు చొరకపోవడమే పరీక్ష. అక్కడ ఇనుప పలకను అతికించినవాడు నిపుణుడై, ఇక్కడ రాతి పలకను అతికించినవాడు కూలీ కావడానికి పనిలో ఉన్న తేడా కారణం కాదు. పరీక్ష పెట్టి కాగితం ఇచ్చే సంస్థ ఒకరికి దొరికింది, ఇంకొకరికి దొరకలేదు, అంతే.

ఇప్పుడు మట్టిపనిని జేసీబీలు, రాతిపనిని కంప్రెషర్లు, కట్టుబడిని కాంక్రీటు పంపులు తీసుకున్నాయి. పాలమూరు మనుషులు హైదరాబాద్ అడ్డాల మీద, పుణె, ముంబయి నిర్మాణాల్లో స్లాబ్ పోయడానికి, సెంట్రింగ్‌కు, రాడ్ బెండింగ్‌కు మారారు. ఆశ్చర్యమేమంటే సొంత జిల్లాలో జరిగే పెద్ద పనులకు మనుషులు వేరే రాష్ట్రాల నుంచి వస్తున్నారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మందీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ వాళ్లు. నిన్న పాలమూరు చేసిన వలసే నేడు ఇంకొకరు చేస్తున్నారు. వాళ్ల ఇళ్ల దుఃఖం మనకు కొత్తది కాదు.

యంత్రాలొచ్చాయి కాబట్టి పాత విద్యతో పనిలేదనడం తప్పు. రాతి ఆనకట్టలు ఎక్కడికీ పోలేదు. 2021లో ఆనకట్టల భద్రతా చట్టం వచ్చాక వాటి తనిఖీ, మరమ్మతు తప్పనిసరి బాధ్యత అయింది. పాత కట్టులో అతుకులు తవ్వి మళ్లీ మాలు పూడ్చాలన్నా, వదులైన రాయిని పక్కరాయి కదలకుండా మార్చాలన్నా రాయి తెలిసిన చెయ్యే కావాలి. శ్రీరంగాపూర్ రంగసముద్రం లాంటి, వనపర్తి సంస్థానాధీశుల కాలపు చెరువులూ ఉన్నాయి. వాటి కట్టల లోపలివైపు రాతి పరుపును, అలుగును, తూమును కాంక్రీటు పూతతో కప్పేస్తే ఎండకు రెండూ ఒకేలా సాగవు, కొన్నేళ్లకే పూత విడుస్తుంది.

వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. హైదరాబాద్‌లో 1998లో పెట్టిన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీ, రాడ్ బెండింగ్ లాంటి పనుల్లో శిక్షణ ఇస్తోంది. ఈ రెండూ కలిస్తే రాతిపనికి, మట్టిపని కొలతకు ఒక పరీక్ష తయారు చేయడం కష్టం కాదు. గుండు ఇచ్చి వాటం చూపమనాలి. ఉలి ఇచ్చి పదును పెట్టమనాలి. గుంత చూపి దిమ్మెలు ఎక్కడ వదలాలో అడగాలి. కట్టిన రాయిని లేపి అడుగు చూడాలి. పరీక్ష పెట్టేవాళ్లలో సాగర్, శ్రీశైలం పనులు చేసిన పెద్దవాళ్లు ఉండాలి, వాళ్లకు ఆ పనికి గౌరవవేతనం ఇవ్వాలి. నెగ్గినవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, వాళ్ల సొంత పేరు మీద నిపుణుల కార్డు ఇచ్చి, నీటిపారుదల శాఖ మరమ్మతు టెండర్లలో ఆ కార్డు ఉన్నవాళ్లను ఇంతమందిని పెట్టాలని షరతు రాయాలి. ఆ పనులు చేసిన తరం వయసు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉంది. పరీక్షాపత్రం వాళ్లుండగానే రాయించుకోవాలి.