పుండు మీద నలభై సెకన్లు

తాటిచెట్టు మీది నుంచి పడి నడుం విరిగిన గీత కార్మికులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో కనిపిస్తూనే ఉంటారు. 65వ నంబరు జాతీయ రహదారి మీది ప్రమాదాలు, పాత నల్లగొండ జిల్లాను పీడించిన ఫ్లోరోసిస్ మరికొందరిని మంచాన పడేశాయి. వెన్నుపాము దెబ్బతింటే నడుం కింద స్పర్శ ఉండదు. ఒత్తుకుపోయిన చోట రక్తం అందక చర్మం కమిలినా నొప్పి తెలియదు. పిర్రల పైన ఎముక దగ్గరా, తుంటి మీదా, మడమలకూ పుండు పడ్డాకే ఇంట్లోవాళ్ల కంట పడుతుంది.

ఆ పుండు మీద లేజర్ పట్టే ఫిజియోథెరపిస్టు చేతులు చూడాలి. లేజర్ అనగానే కోసేది, కాల్చేది అనుకుంటాం. దీని వేడి కూడా దాదాపు తెలియదు. 1967లో బుడాపెస్ట్ సర్జన్ ఎండ్రె మెస్టర్ గొరిగిన ఎలుకల వీపు మీద బలహీనమైన లేజర్ వేస్తే, అక్కడ వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తర్వాత ఆయన మానని పుళ్ల మీదా దాన్ని వాడారు. ఎరుపు, పరారుణ కాంతిని కణాల్లోని మైటోకాండ్రియా పీల్చుకుని శక్తి ఉత్పత్తి పెంచుకుంటాయన్నది ఎక్కువగా వినిపించే వివరణ.

పని మొదలయ్యేది మాత్రం సెలైన్‌తో. చీము కడిగి, నల్లగా చచ్చిన కండను డాక్టరు తీసేయాలి. అది అడ్డుంటే కాంతి లోపలికి దిగదు. ఆ తర్వాత థెరపిస్టు రోగికీ, తనకూ రంగు కళ్లద్దాలు పెట్టి, ప్రోబ్‌కు పారదర్శకమైన పలుచని పొర చుట్టి, పుండు అంచు వెంట బిందువు బిందువుగా నిటారుగా పట్టుకుంటారు. వంద మిల్లీవాట్ల ప్రోబ్ ఒకచోట 40 సెకన్లు నిలిస్తే 4 జౌళ్లు అందుతాయి. మోతాదు మించితే మానడం మందగించవచ్చు కూడా. కాలువ కింది రైతు మడి తడవగానే గండి మూసి పక్క మడికి తిప్పినట్టు, చేయి తర్వాతి బిందువుకు జరుగుతుంది. నాకు ఇందులో యంత్రం కంటే ఆ నిగ్రహమే గొప్పగా కనిపిస్తుంది. క్యాన్సర్ అనుమానం ఉన్న చోట అదే చేయి అసలు ముందుకే వెళ్లదు.

ఇది సంజీవని అని చెప్పను. కాంతి చికిత్సను పరిశీలించిన 2014 నాటి కోక్రేన్ సమీక్ష, ఉన్న ఆధారాలు చాలవంది. ఒత్తిడి తీయకుండా ఎంత కాంతి పోసినా పుండు మళ్లీ లేస్తుంది. అందుకే మంచి థెరపిస్టు లేజర్ ఆపాక ఇంటావిడను దగ్గరికి పిలిచి పక్క మార్చడం నేర్పుతారు: రెండేసి గంటలకోసారి, పూర్తి పక్కకు కాకుండా ముప్పై డిగ్రీల వాలుగా, మోకాళ్ల మధ్య దిండు, పిక్కల కింద మరో దిండు, మడమలు మాత్రం పరుపుకు తగలకుండా గాల్లో. ఆ తర్వాత పుండు పొడవు, వెడల్పు స్కేలుతో కొలిచి కాగితం మీద రాస్తారు, వచ్చే వారం కొలతతో పోల్చడానికి.