ఇనుము కమ్మరిది, కామ మనది

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన జనం ఈ అంకెలు వినగానే సామాన్లు అటక మీదికి ఎక్కిస్తారు.

ఎక్కడో తయారైన సాఫ్ట్‌వేర్‌కు ఈ అంకెలు తెలియవు. క్యూజీఐఎస్‌నే చూడండి. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఉచిత మ్యాపుల అప్లికేషన్ ఇది. దీని గుండెకాయ సీ++. లక్షల గడుల ఎత్తుల పటాన్ని చకచకా లెక్కించాలంటే కంపైల్ చేసిన కోడే కావాలి. అయితే వరద తోసుకొస్తున్నప్పుడు మూలకోడ్ మార్చి మళ్లీ కంపైల్ చేసే తీరిక ఎవరికుంటుంది? అందుకే 2007లో దానికి పైథాన్ అనే స్క్రిప్టు భాషను జోడించారు.

గొడ్డలి ఇనుము కమ్మరి కొలిమిలో తయారవుతుంది. కామ మాత్రం వాడేవాడే కర్ర చూసుకుని, తన చేతికి తగ్గట్టు చెక్కుకుంటాడు. అది విరిగితే కొలిమికి పోనక్కర్లేదు. స్క్రిప్టు భాష అలాంటి కామ.

ఈ సంప్రదాయం పాతదే. 1985లో వచ్చిన గ్నూ ఈమాక్స్ అనే ఎడిటర్‌లో సీ పునాది మీద లిస్ప్ భాష నడిచేది. 1993లో బ్రెజిల్‌లోని రియో నగరంలో ఒక విశ్వవిద్యాలయ బృందం లువాను తయారుచేసింది. పెట్రోబ్రాస్ చమురు కంపెనీ ఇంజినీర్ల అవసరాల నుంచి పుట్టిన ఆ చిన్న భాష తర్వాత ఎన్నో ఆటల్లోకి చేరింది.

లోపల జరిగేది ఇది. భాషను నడిపే ఇంటర్‌ప్రెటర్ ఒక లైబ్రరీ. అప్లికేషన్ దాన్ని తనలో మేల్కొలుపుతుంది. అప్పటికి దానికి మ్యాపంటే ఏమిటో, పొర (లేయర్) అంటే ఏమిటో తెలియదు. ఆ సీ++ వస్తువులకు పైథాన్ తొడుగులు వేయాలి. వీటినే బైండింగ్స్ అంటారు. క్యూజీఐఎస్‌లో ఆ పని సిప్ అనే పనిముట్టు చేస్తుంది. లువాలోనైతే ఇచ్చిపుచ్చుకోవడమంతా ఒక స్టాక్ మీదుగా సాగుతుంది.

ఇక పని పంపకం. గడిగడికీ పైథాన్ లూప్ తిప్పితే నత్తనడకే. ‘ఈ మట్టానికి దిగువన ఉన్న నేలను వేరుచెయ్యి’ అని ఒక్కసారి పురమాయించి, లెక్కను సీ++కి వదిలేయాలి. పురమాయించే ముందు ఆలోచించాల్సింది స్క్రిప్టు రాసే మనిషే. నది మట్టం చూపే గేజి అడుగులు సముద్రమట్టం నుంచి కొలిచినవి కావు. వాటిని మీటర్లలోకి మార్చి, గేజి సున్నా ఉన్న ఎత్తును కలపాలి. నదికి వాలుంది కాబట్టి ఎగువన ఉన్న దుమ్ముగూడేనికి భద్రాచలం మట్టాన్నే అంటగట్టకూడదు.

జాగ్రత్తలూ ఉన్నాయి. సీ++ చెరిపేసిన పొరను పైథాన్ ఇంకా పట్టుకుని ఉంటే దోష సందేశం వస్తుంది, ఒక్కోసారి అప్లికేషనే కూలిపోతుంది. ఏ వస్తువు ఎవరి అధీనంలో ఉందో ముందే తేల్చుకోవాలి. పైగా పైథాన్ స్క్రిప్టు మన ఫైళ్లను చదవగలదు, చెరిపేయగలదు. ముక్కూమొహం తెలియని ప్లగిన్‌ను నడపకూడదు. లువాలో ఏ తలుపులు తెరవాలో అప్లికేషనే ఎంచుకోగలదు.

2014లో భద్రాచలం చుట్టుపక్కల ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పటాలు మారాయి, జాబితాలు మారాయి. వాటి కోసం క్యూజీఐఎస్ సీ++లో ఒక్క అక్షరం ముట్టుకోనక్కర్లేదు. స్క్రిప్టులో నాలుగు వరుసలు దిద్దితే చాలు.

తాలిపేరు వాగు పొంగితే ఏ కల్వర్టు ముందు మునుగుతుందో చర్ల పిల్లలకు తెలుసు. వాళ్లలో ఒకరు పైథాన్ నేర్చుకుని ఆ ఎరుకను పటంలోకి ఎక్కిస్తే, వచ్చే వానాకాలం ఆ దారిన బయలుదేరే పడవకు, అంబులెన్సుకు ముందే కబురందుతుంది.