దశకుమారచరితమున మైత్రి

దండిమహాకవి రచించిన దశకుమారచరితమును వట్టి సాహసకథల సంపుటముగాఁ జదువువారు పలువురు. చౌర్యము, ద్యూతము, కపటవేషములు, అంతఃపురప్రవేశములు ఇందు మెండుగా నుండుటచే నిది నీతిబాహ్యమని నిరసించువారును గలరు. ఈ యిరుదెఱఁగులవారును గ్రంథమునకుఁ బ్రాణమైన సూత్రమును విడిచినారు. అది పదుగురు కుమారుల మైత్రి.

సఖ్యమునకు శబ్దశాస్త్రము రెండు జాడలు చూపుచున్నది. ఏడడుగులు కలసి నడచుటచేఁ గలుగు సఖ్యము సాప్తపదీనమని పాణిని మతము. సఖిశబ్దమునకు సమానపూర్వకమైన ఖ్యాధాతువు మూలమని యౌణాదికులు చెప్పుదురు. ఆ ధాతువునకుఁ బ్రకథనము, అనఁగాఁ జెప్పుట, అర్థము. నడకచేతఁ గలుగు చెలిమి యొకటి, మాటచేత నిలుచు చెలిమి యొకటి. దండికథ మొదటిదానితో నారంభమై రెండవదానిచేఁ బూర్ణమగుచున్నది.

రాజవాహనాదులు బాల్యమున నొక్కచోటఁ బెరిగి, యౌవనమున దిగ్విజయార్థము కలసియే బయలుదేఱిరి. కాని కవి వారిని చిరకాలము కలసి నడవనీయలేదు. వింధ్యాటవిలో రాజవాహనుఁడు మాతంగుఁడను బ్రాహ్మణునకు సాయపడఁగోరి, చెలికాండ్రకుఁ జెప్పకయే పాతాళమునకుఁ బోయెను. తక్కిన తొమ్మండ్రును వానిఁ గానక, వెదకుచుఁ దలయొక దిక్కునకుఁ జనిరి. మిత్రగుప్తుఁడు దామలిప్తమునొద్ద సముద్రమునఁ ద్రోయఁబడి యవనుల యోడ చేరెను. మంత్రగుప్తుఁడు కళింగమునుండి యాంధ్రరాజైన జయసింహుని పురమునకు వచ్చి, కొలను గట్టున సిద్ధుని వేషము దాల్చి, కనకలేఖను దండ్రితోఁగూడ విడిపించెను. విశ్రుతుఁడు దిక్కులేని విదర్భరాజకుమారుని గాపాడెను.

పూర్వపీఠిక యన్యకృతమని పండితులు తలఁచుటచే, ఈ వియోగకల్పన దండిది కాదేమో యని శంక కలుగవచ్చును. మానవల్లి రామకృష్ణకవిగారు 1924లోఁ బ్రకటించిన యవంతిసుందరీకథ లుప్తమైన యాదిభాగమే యని కొందఱందురు. ఆ వాదమెట్లున్నను, మూలమందలి 2వ యుచ్ఛ్వాసమున నపహారవర్మ తన కథ నెత్తుకొనుచు నీ వియోగమునే పేర్కొనుచున్నాఁడు గాన, శంకకుఁ దావు లేదు.

ఆ యపహారవర్మ చంపానగరమునకు వచ్చినది కన్నములు వేయుటకుఁ గాదు, మరీచిమహర్షివలన రాజవాహనుని జాడ తెలిసికొనుటకు. కామమంజరి వలలోఁ జిక్కి దివ్యదృష్టిఁ గోల్పోయిన యా ఋషి, యది మరల వచ్చువఱకు నా పురముననే వేచియుండుమనెను. ఆ నిరీక్షణకాలముననే లుబ్ధుల యిండ్లు దోపిడి యైనవి. దోషము సైతము చెలికాని వెదకుటలోనుండి పుట్టినది.

మిత్రులు చంపలో మరలఁ గూడుకొన్నప్పుడు రాజవాహనుఁ డొక్కొకని వృత్తాంతము నడుగును. విడిపోయిన యేండ్లు తిరిగి రావు. కథనముచేత మాత్రమే యవి పదుగురి సొత్తగును. ప్రియురాలి దంతక్షతముచే నధరము నొచ్చియుండుటవలన మంత్రగుప్తుఁ డోష్ఠ్యవర్ణములు లేకుండఁ దన కథ చెప్పెను. దీనిని శబ్దచిత్రమని మాత్రమే మెచ్చుట చాలదు. పెదవులు కలుపరాని బాధలోను జెలికానికిఁ జెప్పక మానలేదనుట యిందలి రసము.

ఐనను లోప మొకటి కలదు. అపహారవర్మ కథ విని, కర్కశత్వమునఁ గర్ణీసుతునిఁ గూడ మించితివని రాజవాహనుఁడు చిఱునవ్వుతో మెచ్చి, తరువాతివాని కథ నడిగెను. పాపమునుండి మరలించుటయు సన్మిత్రలక్షణమే యని పెద్దలందురు. ఆ లక్షణ మిచ్చటఁ గానరాదు. నీతిబాహ్యమను నాక్షేపము కుమారుల చేష్టలకంటె నీ మెచ్చుకోలుపైఁ జేయఁదగినది.

13వ శతాబ్దమునఁ గేతన యీ గద్యకావ్యమును బండ్రెండాశ్వాసముల తెలుఁగుకావ్యముగా నిర్మించి తిక్కన కంకితముచేసి, యభినవదండి యనిపించుకొనెను. ఆంధ్రభాషాభూషణకర్తయైన యీ కవి భాషను బరీక్షించినవారు పలువురు గలరు. కథాసంవిధానమున మైత్రి యే మేరకు నిలిచినదో మూలముతోఁ బోల్చి చూచుట మఱింత యావశ్యకము. అట్లు చూచినప్పుడు, ప్రతికథ చివరను శ్రోతయైన చెలికాఁ డేమనుచున్నాఁడో దానినే ముందుగా గమనింపవలయును.